క్రేను కేబిన్‌లో రెండు రీళ్ళు

భిలాయి సెక్టార్ ఆరులో ఉండే రజనీకుమారి పియానో వాయిస్తుందని అక్కడి తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఏం వాయిస్తుందో మాత్రం చాలామందికి తెలీదు. "హార్మోనియంలాటిదే కదమ్మా, కాస్త పెద్దది?" అని పేరంటాల్లో అడిగేవారు. "అలాటిదేనండి" అనేసి ఊరుకునేది. విడమరిచి చెప్పబోతే శనగలు చల్లారిపోతాయి తప్ప సంగతి తేలదని ఆమెకి అనుభవమే.

ఆమె తండ్రి జోగయ్య పాలకొండ వైపునుంచి వచ్చినవాడు. ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో ఖలాసీ కూలీగా చేరి, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పర్మనెంటయ్యాక భార్య గున్నమ్మనీ చంటిపిల్లనీ తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో రష్యా ఇంజనీర్లు కుటుంబాలతో సహా భిలాయిలోనే ఉండేవారు. వాళ్ళలో ఒకాయన ఇంట్లో గున్నమ్మ పనికి కుదిరింది. ఆ ఇంటావిడ పేరు తమారా. రోజూ పొద్దున్న గంటసేపు పియానో వాయించుకునేది. అమ్మ అంట్లు తోముతుంటే ఏడేళ్ళ రజని గుమ్మం పట్టుకుని నిలబడి వినేది. ఓ రోజు తమారా వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పియానో ముందు కూర్చోబెట్టింది. ఆవిడకి తెలుగు రాదు, ఈ పిల్లకి రష్యన్ రాదు. ఇద్దరికీ కలిపి వచ్చిన హిందీ మాటలు ఇరవై ఉంటాయేమో. ఆ ఇరవై మాటలతోనే ఏడేళ్ళు పాఠం సాగింది.

తమారా కుటుంబం వాళ్ళ దేశం వెళ్ళిపోయేటప్పటికి రజనికి పద్నాలుగేళ్ళు. ఆవిడ వెళుతూ వెళుతూ ప్లాంటు క్లబ్బు సెక్రటరీని కలిసి, హాల్లో ఉన్న పెద్ద నల్ల పియానో మీద ఈ అమ్మాయిని రోజూ మధ్యాహ్నం సాధన చేసుకోనివ్వమని మాట తీసుకుంది. సెక్రటరీలు మారారుగానీ ఆ మాట మారలేదు. రజని కలకత్తాలో మూడేళ్ళు హాస్టల్లో ఉండి చదివింది, పరీక్షలు ప్యాసయింది, అక్కడే మొదటి కచేరీ చేసింది. తర్వాత స్క్రాప్ యార్డులో క్రేను ఆపరేటరు చినబాబుని పెళ్ళి చేసుకుని భిలాయి తిరిగొచ్చింది. బళ్ళో సంగీతం టీచరు ఉద్యోగం. ఏటా చలికాలం కలకత్తాలోనో నాగపూర్‌లోనో రెండు మూడు కచేరీలు. ఐదొందల మంది ముందు కూర్చోబెట్టినా ఆమె జంకేది కాదు.

జంకేదల్లా రికార్డింగంటేనే. దానికో కారణముంది.

ఎనభై ఒకటిలో కలకత్తాలో ఒక కంపెనీ ఆమె చేత ఎల్పీ రికార్డు చేయించింది. అద్దాల గదిలో తలుపేసి ఎర్ర దీపం వెలిగించారు. ఆ దీపం వెలగ్గానే వేళ్ళు కొయ్యబారిపోయాయి. తప్పు దొర్లడం, ఆగడం, మళ్ళీ మొదలెట్టడం. నాలుగు రోజులు అలా ఈడ్చి ఎలాగో పూర్తిచేసింది. ఏడాది గడిచినా రికార్డు రాలేదు. ఉత్తరం రాస్తే, ఆ టేపు మీద వేరే వాళ్ళ పాటలు ఎక్కించేశామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆ ఉత్తరం ఆమె ఎవరికీ చూపించలేదు. చినబాబుకి కూడా ఆరు నెలల తర్వాతే చెప్పింది.

ఎనభై ఆరులో రేడియోవాళ్ళు అరగంట కార్యక్రమం రికార్డు చేశారు. అది బాగానే వచ్చిందిట. ప్రసారమయ్యే సాయంత్రం క్వార్టర్లో చుట్టుపక్కలవాళ్ళంతా చేరారు. సరిగ్గా ఆ అరగంటా కరెంటు లేదు. బ్యాటరీ ట్రాన్సిస్టరు కోసం చినబాబు రెండు వీధులు పరుగెత్తి తెచ్చేసరికి వ్యవసాయదారుల కార్యక్రమం వస్తోంది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కానీ తన చేతుల్లోంచి వచ్చిన సంగీతం బయటినుంచి ఎలా ఉంటుందో ఆ తర్వాత ఏడేళ్ళు గడిచి వయసు ముప్ఫై ఏడొచ్చినా ఆమెకి తెలీదు.

తొంభై మూడు డిసెంబరులో నాగపూర్ కచేరీ అయ్యాక ఒకాయన వచ్చి కలిశారు. పేరు రామమోహనరావు. విజయనగరం మనిషి, నాగపూర్‌లో స్థిరపడి భజనల క్యాసెట్లు తీసే చిన్న కంపెనీ నడుపుతున్నారు.

"అమ్మా, మీది ఒక్క క్యాసెట్టు తియ్యాలని ఉంది. నా భజనలవాళ్ళు కొనరు, నాకు తెలుసు. అయినా తియ్యాలని ఉంది" అన్నారు.

"నాకు రికార్డింగు అచ్చిరాదండి" అంది రజనీకుమారి.

"స్టూడియో అచ్చిరాలేదేమో. మీకు అలవాటైన పియానో ఎక్కడుంది?"

"భిలాయిలో, క్లబ్బులో."

"అయితే మెషీన్ పట్టుకుని నేనే అక్కడికి వస్తాను."

అన్నట్టే ఫిబ్రవరిలో జీపులో మెషీనూ మైకులూ వేసుకుని వచ్చారు. కలకత్తానుంచి మనిషొచ్చి పియానో శ్రుతి చేసి వెళ్ళాడు. హాలు చూశాక రావుగారికి బెంగ పట్టుకుంది. గోడలు ప్రతిధ్వనిస్తున్నాయి, కిటికీల్లోంచి రోడ్డు మీద లారీల మోత వస్తోంది, పైకప్పులో పావురాలు కాపురముంటున్నాయి. కిటికీల సంగతి చినబాబు చూసుకున్నాడు. వీధిలో ఇంటింటికీ తిరిగి పరుపులూ బొంతలూ అడిగాడు. మధ్యాహ్నానికి ఇరవై రెండు పరుపులు రిక్షాల్లో వచ్చాయి. ఏ పరుపు ఎవరిదో చాక్‌పీసుతో క్వార్టరు నంబరు రాసి కిటికీలకి అడ్డం నిలబెట్టారు. ఆ వారం సెక్టార్ ఆరులో చాలామంది చాపల మీద పడుకున్నారు.

మొదటి రోజు పొద్దున్న ఆమె పియానో ముందు కూర్చుంది. రావుగారు హాలు వెనకాల, మెషీన్ పక్కన కుర్చీ వేసుకున్నారు.

"అమ్మా, ఒక్క మాట. తప్పు దొర్లితే ఆగకండి. కచేరీలో ఆగుతారా?"

"ఆగను."

"ఇక్కడా అంతే. చివరిదాకా వెళ్ళిపోండి. నచ్చకపోతే మళ్ళీ మొత్తం వాయిద్దురుగాని. నా దగ్గర టేపు చాలానే ఉంది."

మొదటి రోజంతా పాడైంది. రెండో రోజు రెండు చిన్న రచనలు నిలబడ్డాయి. మూడో రోజు పది గంటలకి ఆమె అన్నిట్లోకీ పెద్దది మొదలుపెట్టింది. జర్మనీ దేశపు పాతకాలపు రచన, ఇరవై ఆరు నిమిషాలుంటుంది. తమారా దగ్గర సగం నేర్చుకుని, మిగతా సగం కలకత్తాలో పూర్తిచేసింది. నాలుగో నిమిషంలో ఒక తప్పు దొర్లింది. ఆగలేదు. అక్కణ్ణుంచి ఏమైందో ఆమెకి సరిగా గుర్తులేదు. ఎడమచెయ్యి తనంతట తాను దారి చూసుకుంటూ పోతుంటే కుడిచెయ్యి దాని వెంట వెళ్ళింది. చివరి స్వరం మెల్లగా సన్నగిల్లి, తీగల్లో పూర్తిగా అణిగిపోయేదాకా వేలు తియ్యలేదు. దానికి ముందు మెత్తని చోట ఒక పావురం ఈ దూలం మీంచి ఆ దూలం మీదికి ఎగిరిన చప్పుడు వినబడింది.

రావుగారు లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తుడుచుకున్నారు.

"పావురం చప్పుడు కూడా టేపులో పడింది. మళ్ళీ వాయిస్తారా?"

"వాయించనండి. ఇదే ఉంచండి" అంది. తనకి అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో తనకే తెలీలేదు.

మొత్తం రెండు పెద్ద రీళ్ళయ్యాయి. ఒక్కొక్కటీ రేకు డబ్బాలో పెట్టి మూత చుట్టూ ప్లాస్టర్ అంటించారు. మెషీను జీపులో డ్రైవరుతో వెనక్కి పంపేశారు. "ఇవి మాత్రం జీపు కుదుపులో పెట్టను. రాత్రి రైల్లో నా చేత్తోనే తీసుకెళ్తాను" అన్నారు. సాయంత్రం అయిదింటికి విజయనగరం నుంచి ఫోనొచ్చింది. ఆయన బావగారికి గుండెపోటు. ఉన్నవాడున్నట్టు బయల్దేరాలి. వెళుతూ డబ్బాలు రజనీకుమారి చేతిలో పెట్టారు.

"బీరువాలో ఉంచండమ్మా. ఎండ తగలనివ్వద్దు. స్పీకరు పక్కన అసలు పెట్టద్దు. అందులో అయస్కాంతం ఉంటుంది, టేపు మీదున్నదంతా తుడిచేస్తుంది. వీలు చూసి కబురుచేస్తాను."

మంగళవారం కబురు వచ్చింది. బావగారు కోలుకుంటున్నారు, కానీ తను రావడానికి ఇంకా నాలుగైదు రోజులవుతుంది. తెలిసినాయన ఒకరు బుధవారం మూడింటి రైలుకి దుర్గ్‌నుంచి నాగపూర్ వెళుతున్నారు, ఆయనకి అందించమన్నారు. చినబాబుది ఆ వారం మొదటి షిఫ్టు. రెండింటికి దిగి అట్నుంచి అటే స్కూటర్ మీద స్టేషనుకి పోతానన్నాడు. పొద్దున్న అయిదున్నరకి డబ్బాలు గుడ్డసంచిలో పెట్టి ఇచ్చింది.

"స్పీకరు దగ్గరికి తీసుకెళ్ళకండి" అంది.

"ప్లాంటులో స్పీకర్లెక్కడివి?" అని నవ్వుతూ వెళ్ళాడు.

నాలుగున్నరకి అదే సంచితో తిరిగొచ్చాడు. ఆ పెద్దమనిషి స్టేషనుకి రాలేదు, ప్రయాణం మానుకున్నాడుట. రజనీకుమారి డబ్బాలు తీసి బీరువాలో పెడుతూ మామూలుగానే అడిగింది.

"డ్యూటీలో ఉన్నంతసేపూ ఎక్కడ పెట్టారు?"

"స్కూటర్ డిక్కీలో పెడితే ఎండకి మాడిపోవూ? నా దగ్గరే ఉంచుకున్నాను. కేబిన్‌లో కొక్కేనికి తగిలించాను."

ఆ మాట అన్నాకగాని తను చేసిందేమిటో అతనికి తట్టలేదు. చినబాబు నడిపేది మామూలు క్రేను కాదు. కొక్కెం బదులు ఇనప తాడుకి బండి చక్రమంత విద్యుదయస్కాంతం వేలాడుతుంది. స్విచ్చి వేస్తే రెండేసి టన్నుల తుక్కు ఇనుము దానికి చీమల్లా అంటుకుంటుంది. ఎనిమిది గంటలపాటు ఆ రీళ్ళు దాని నెత్తిమీదే ఊగాయి.

రజనీకుమారి మంచం మీద కూలబడింది. అరవలేదు, ఏడవలేదు. చినబాబు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"రజనీ, నువ్వు స్పీకరన్నావు. స్పీకర్లో ఉండేదీ అదేనని నాకు తట్టలేదు. పదహారేళ్ళనుంచి దాని మీదే కూర్చుంటున్నాను, నా బుర్రకి తట్టలేదు."

"ఊరుకోండి. కావాలని చేశారా?" అంది. మాట మామూలుగానే ఉంది. అతనికి అదే భరించరానిదైంది.

అప్పటికప్పుడు ఎస్టీడీ బూత్‌కెళ్ళి విజయనగరానికి ఫోను చేశారు. సంగతంతా విని రావుగారు అడిగారు.

"ఎంత ఎత్తులో ఉన్నాయి?"

"ఎత్తు మారుతుంటుంది సార్. దింపినప్పుడు నలభై అడుగులు కిందకి పోతుంది. లేపినప్పుడు దగ్గరికొచ్చేస్తుంది" అన్నాడు చినబాబు.

"చెప్పలేను బాబూ. వింటే తప్ప తెలీదు. ఊరికే మామూలు మెషీన్ల మీద పెట్టించకండి, టేపు నలిగిపోతుంది. ఆదివారం నేను రాయపూర్ మీదుగా వస్తాను. దుర్గ్‌లో అదే రైలెక్కండి, నాగపూర్‌లో ముగ్గురం కలిసి విందాం."

బుధవారం నుంచి ఆదివారందాకా నాలుగు రోజులు. చినబాబుకి ముద్ద దిగలేదు. గురువారం పొద్దున్న కూతురు సౌమ్య బడికి తయారవుతూ ఇల్లంతా వెతుకుతోంది. "మమ్మీ, మేరా కంపాస్ కహాఁ హై? సైన్స్ పీరియడ్ ఉంది." ఆ దిక్సూచి అప్పటికే వాళ్ళ నాన్నతో ప్లాంటుకెళ్ళిపోయింది. కేబిన్‌లో సంచి తగిలించిన చోటే దాన్ని దారంతో కట్టి, స్విచ్చి వేసి, అయస్కాంతాన్ని దింపుతూ లేపుతూ ముల్లు కదులుతోందా లేదా అని చూశాడు. దింపినప్పుడు కదల్లేదు. బాగా పైకి లేపినప్పుడు వణికింది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు.

"వణికిందా, తిరిగిందా?" అడిగింది రజనీకుమారి.

"వణికింది. కొంచెం తిరిగినట్టు కూడా ఉంది."

దానికి అర్థమేమిటో ఇద్దరికీ తెలీదు. అతను అన్ని షిఫ్టుల ఇంజనీర్లనీ అడిగాడు. ఒకాయన ఏమీ కాదన్నాడు, ఇంకొకాయన పోయే ఉంటుందన్నాడు.

శుక్రవారం వైశాలి నగర్‌లో కొడుకు దగ్గరుండే గున్నమ్మ వచ్చింది. సంగతంతా విని కూతురి పక్కన చతికిలబడింది.

"ఏటే, ఎవులో పోయినట్టు అలా కూకున్నావు? ఆ డబ్బాలో ఉన్నది పోనాదనే అనుకో. నీ సేతులేటి అయిస్కాంతం దగ్గిరెట్టినావా?"

రజనీకుమారికి నవ్వొచ్చింది, మూడు రోజుల్లో మొదటిసారి. "అది కాదే అమ్మా, అంత బాగా మళ్ళీ రాదు" అంది.

"రాదని సూసొచ్చినావేటి?"

ఆ మధ్యాహ్నం రజనీకుమారి క్లబ్బు తాళం తీయించుకుని ఒక్కతీ హాలుకెళ్ళింది. పరుపులు ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళిపోయారు, కిటికీలు తెరిచున్నాయి, లారీల మోత లోపలికొస్తోంది. కూర్చుని ఆ పెద్ద రచన మొదట్నుంచి వాయించింది. నాలుగో నిమిషం దగ్గర తప్పు దొర్లలేదు, ఇంకెక్కడో దొర్లింది. ఆగలేదు. అయ్యాక చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. టేపు తుడిచిపెట్టుకుపోతే మళ్ళీ రావుగారిని పిలవాలి, మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి పరుపులు అడగాలి. అడుగుతాం, వాయిస్తాను అనుకుంది. పదమూడేళ్ళుగా రికార్డింగన్న మాట వింటే చాలు తనలో లేచే జంకు కోసం వెతికింది. అది అక్కడ లేదు.

ఇంటికొచ్చి భర్తకి ఆ మాటే చెప్పింది. "పోయినా ఫర్వాలేదండీ. మళ్ళీ వాయిస్తాను." అతను నమ్మలేదు. తనని ఓదార్చడానికి అంటోందనుకున్నాడు. అయినా ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఆదివారం పొద్దున్న సౌమ్యని అమ్మమ్మ దగ్గర దింపి దుర్గ్ స్టేషన్లో రైలెక్కారు. రావుగారు కిటికీ పక్కన సీటు అట్టేపెట్టారు. సంచి రజనీకుమారి ఒళ్ళో ఉంది. చినబాబు దానికి ఆమడదూరంలో, ఎదుటి సీటు చివర కూర్చున్నాడు, తన ఒంట్లోనే అయస్కాంతం ఉన్నట్టు. గోండియాలో టీ ఇచ్చినవాడి గ్లాసుల స్టాండు ఇనుముది. సంచికి తగలబోతుంటే చినబాబు "భయ్యా, జరా దూర్ సే" అని అతన్ని పక్కకి జరిపించాడు.

నాగపూర్‌లో రావుగారి ఇంటి వెనక గదిలోనే మెషీన్. ఆయన చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని, పెద్ద రచన ఉన్న డబ్బా ప్లాస్టరు ముందు ఊడదీశారు. టేపు కొస మెల్లగా రెండో చక్రానికి చుట్టారు. మీట నొక్కారు.

'స్స్' మని చప్పుడు. అంతే. చక్రాలు తిరుగుతున్నాయి, చప్పుడు ఒకటే. రజనీకుమారి లోపల్లోపల లెక్కపెట్టింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. చినబాబు తలుపు రెక్క పట్టుకున్నాడు.

పన్నెండు దగ్గర పియానో పలికింది.

మొదటి స్వరమే స్పష్టంగా, నిండుగా, గదిలోనే ఎవరో వాయిస్తున్నట్టు వచ్చింది. రావుగారు "హమ్మయ్య" అని కుర్చీలో వెనక్కి వాలారు. మొదట్లో కాస్త ఖాళీ టేపు వదలడం తన అలవాటనీ, చెప్పడం మరిచిపోయాననీ అన్నారు. చినబాబు తలుపు వదిలి నేల మీద కూర్చుండిపోయాడు. కండువాతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి.

"దూరమే కాపాడింది. అయస్కాంతం బలం ఎంతైనా అడుగు అడుగుకీ తగ్గిపోతుంది. ముల్లుని వణికించడానికి చాలింది గానీ, టేపుని తుడవడానికి చాల్లేదు" అన్నారు రావుగారు.

రజనీకుమారి అదేమీ వినడం లేదు. తనని తాను మొదటిసారి వింటోంది. తన ఎడమచెయ్యి తను అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఒకచోట తొందరపడింది. ఇంకోచోట, తనకెప్పుడూ సరిగా రాదనుకున్న చోట, బాగుంది. ఇరవై ఆరు నిమిషాలూ కదలకుండా కూర్చుంది. పావురం ఎగిరింది. చివరి స్వరం సన్నగిల్లి అణిగిపోయింది.

"బాగానే వాయించాను కదండీ?" అంది. ఎవరి పొగడ్త కోసమూ కాదు. అద్దంలో చూసుకుని బొట్టు సరిగ్గానే ఉందనుకున్నట్టు అంది.

రెండో రీలు కూడా భద్రంగానే ఉందని విన్నాకే లేచారు. తిరుగు రైల్లో గాని ఇద్దరికీ పొద్దుటినుంచి ఏమీ తినలేదని గుర్తురాలేదు. రావుగారి భార్య బలవంతాన ఇచ్చిన నారింజపళ్ళ బుట్ట విప్పారు. చినబాబు వరసగా ఆరు తిన్నాడు. ఏడోది ఒలిచి తొనలు ఆమె చేతిలో పెడుతూనే నిద్రపోయాడు, నోరు తెరుచుకుని, రాజ్‌నాంద్‌గావ్ దాటిందాకా.

క్యాసెట్టు ఆగస్టులో వచ్చింది. రావుగారు చెప్పినట్టే భజనలవాళ్ళు కొనలేదు. కలకత్తాలో, బొంబాయిలో కొందరు కొన్నారు. పుణెనుంచి ఒక ముసలి టీచరు ఉత్తరం రాశాడు. భిలాయిలో మాత్రం సెక్టార్ ఆరులో పరుపులిచ్చిన ఇరవై రెండు ఇళ్ళకీ ఒక్కొక్కటి పంచారు. ఎంతమంది విన్నారో తెలీదు గానీ, పేరంటాల్లో హార్మోనియం ప్రశ్న తగ్గింది. "మా ఇంట్లో మీ క్యాసెట్టు పెడితే మనవడు ఏడుపు మానేస్తాడమ్మా" అని పక్కవీధి కమలాకుమారిగారు చెప్పారు. రజనీకుమారి దాన్ని పుణె ఉత్తరంతో సమానంగానే దాచుకుంది.

తొంభై ఆరులో రెండో క్యాసెట్టు, తొంభై ఎనిమిదిలో మూడోది. మూడోదానికి రావుగారు నాగపూర్‌లో కొత్తగా కట్టిన స్టూడియోకే రమ్మన్నారు. అద్దాల గది, బరువైన తలుపు. తలుపు మీద దీపం కూడా ఉంది, ఎర్రదే. ఆమె దాన్ని చూసి, ఏం దీపమిది, కళ్ళలో పడుతోంది, కాస్త పక్కకి తిప్పించండి అంది. కుర్చీ ఎత్తు సరిచేసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని మొదలుపెట్టింది. మూడో నిమిషంలో తప్పు దొర్లితే చివరిదాకా వాయించి, రెండోసారి ఇంకా బాగా వాయిస్తానని చెప్పి, టీ అడిగింది.